మానిన తేదీ

చింతగుంటపాలెం పురపాలక సంఘంలో నీళ్ళ ట్యాంకరు తోలే ఏసోబుకి, యాభై రెండేళ్ళ వయసులో, ఇరవయ్యారేళ్ళ సర్వీసు తర్వాత, తాగుడు అలవాటు లేని కారణంగా ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చింది.

ఇందులో ఏసోబు తప్పేమీ లేదని ఆఫీసులో అందరూ ఒప్పుకున్నారు. రూలు తప్పు అసలే లేదని అంతకంటే గట్టిగా ఒప్పుకున్నారు.

కథ చెత్త లారీతో మొదలైంది. దాన్ని నడిపే అంకబాబు ఒకరోజు పట్టపగలే పూటుగా తాగి, లారీని తీసుకొచ్చి మునిసిపల్ ఆఫీసు ప్రహరీగోడకి గుద్దాడు. గోడ మీద "స్వచ్ఛ పట్టణం, మన పట్టణం" అని రాసిన దాంట్లో "స్వచ్ఛ" వరకు కూలిపోయింది. మనుషులకేం కాలేదు. పోలీసులు కేసు పెట్టారు. కోర్టు జరిమానా వేసి, మూడు వారాలు కౌన్సెలింగుకి పంపింది. కౌన్సెలింగు కేంద్రం వాళ్ళు ఆఖరి రోజున సభ పెట్టి, అంకబాబుకి శాలువా కప్పి, బంగారు రంగు అంచున్న "పరివర్తన పత్రం" చేతికిచ్చారు. అంకబాబు మైకు ముందు నిలబడి తన గతం చెప్పి ఏడ్చాడు. ముఖ్య అతిథిగా వచ్చిన మునిసిపల్ కమిషనరు దివాకరం గారు కూడా ఏడ్చాడు. ఆయన కొత్తగా వచ్చిన ఆఫీసరు. పట్టణాన్ని ఏదో ఒకటి చెయ్యాలనే పట్టుదల ఉన్నవాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

"మద్యపానము వలన కలుగు అనర్థములను దృష్టియందుంచుకొని, ఇకమీదట పురపాలక సంఘ వాహనములను, మద్యపానమును విడనాడినట్లు ధ్రువీకరించు పరివర్తన పత్రము కలిగిన చోదకులు మాత్రమే నడపవలెను. సదరు పత్రము లేనివారు తాళములను తక్షణమే కార్యాలయమునకు స్వాధీనపరచి, ముప్పది దినములలో పత్రము సమర్పించవలెను. లేనిచో వారి సేవలు ఇక అవసరము లేనట్లుగా భావింపబడును."

ఏసోబు తన ట్యాంకరు లాగే ట్రాక్టరు మీద కూర్చుని ఉత్తర్వుని రెండుసార్లు చదివాడు. ఇదేదో తాగేవాళ్ళకి సంబంధించిన కాగితం, మనకి కాదులే అనుకున్నాడు. సంతకం పెట్టి పోదామని ఆఫీసులోకి వెళ్ళాడు.

"మానిన తేదీ చెప్పు ఏసోబూ," అంది సీనియర్ అసిస్టెంటు రాజ్యలక్ష్మి, కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా.

"ఏం మానిన తేదీ మేడం?"

"తాగుడు."

"నేను తాగను గదా మేడం."

"అదే, ఎప్పట్నించి తాగట్లేదు?"

"పుట్టినకాడ్నించి."

రాజ్యలక్ష్మి అప్పుడు తల ఎత్తింది. "పుట్టిన తేదీ, మానిన తేదీ ఒకటే వేస్తే ఇది తీసుకోదయ్యా. మొదలుపెట్టిన తేదీ ఒకటుండాలి, దాని తర్వాత మానిన తేదీ ఉండాలి."

"మొదలెట్టకుండా ఎట్టా మానతాను మేడం?"

"నన్నడుగుతావేం? పోనీ పెళ్ళిళ్ళలోనో పేరంటాల్లోనో, స్నేహితుల బలవంతం మీద ఒక్క బీరన్నా..."

"లేదు మేడం."

"మీ చర్చిలో చిన్న గ్లాసులో ఏదో ఇస్తారుగా?"

"అది ద్రాక్షపళ్ళ రసం మేడం. మా ఇంటిది సువార్తమ్మే పిండుద్ది."

"పులియబెట్టదా?" ఆశగా అడిగింది రాజ్యలక్ష్మి.

"పొద్దున పిండితే పదింటికల్లా అయిపోద్ది."

రాజ్యలక్ష్మి నిట్టూర్చింది. ఆమె చెడ్డమనిషి కాదు. ఇరవై ఏళ్ళుగా ఆమె ఇంటికి ఎండాకాలం నీళ్ళు పోసేది ఏసోబే. అందుకని స్వయంగా లేచి అతన్ని కమిషనరు గదిలోకి తీసుకెళ్ళింది.

దివాకరం గారు ఏసోబుని కూర్చోమన్నాడు. అలా కూర్చోమంటేనే ఏసోబుకి భయం వేసింది.

"చూడు ఏసోబూ. వ్యక్తిగతంగా నువ్వంటే నాకు గౌరవం. నేనూ జీవితంలో చుక్క ముట్టినవాణ్ణి కాదు. కానీ పరిపాలన అనేది వ్యక్తిగతం కాదు. తాగి మానినవాడు పరీక్షకు నిలిచినవాడు. అతని నిగ్రహం రికార్డుల్లో ఉంది. నీ నిగ్రహం ఎక్కడుంది?"

"నాలోనే ఉంది సార్."

"అదే ఇబ్బంది. లోపల ఉన్నవాటిని ఆడిట్ ఒప్పుకోదు. రేపు నువ్వు మొదలుపెట్టవని పురపాలక సంఘానికి హామీ ఏమిటి? అంకబాబుకి మొదలుపెట్టడం, మానడం రెండూ అయిపోయాయి. నీకు రెండూ మిగిలే ఉన్నాయి."

ఏసోబు లేచాడు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవయ్యారేళ్ళలో ఆ బండి తాళంచెవి అతని జేబులో కాకుండా వేరేచోట ఉండటం అదే మొదటిసారి.

మొత్తం పదకొండుమంది డ్రైవర్లలో పత్రం ఉన్నవాడు అంకబాబు ఒక్కడే. మిగతా పదిమందిలో ఐదుగురు తాగరు. ఐదుగురు తాగుతారుగాని, ఇంటి దగ్గర తాగి పడుకుంటారు. బండెక్కరు. అందువల్ల వాళ్ళూ అనర్హులే. అంకబాబు పొద్దున చెత్త లారీ, మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకరు, సాయంత్రం దోమల మందు బండి నడపసాగాడు. ఈ క్రమం తప్పి ఒకరోజు చెత్త ఎత్తాల్సిన వీధిలో నీళ్ళు పోసి వెళ్ళాడని ఫిర్యాదు వచ్చిందిగాని, పత్రం ఉన్న మనిషి కాబట్టి విచారణ జరగలేదు.

ఏసోబు తిన్నగా కౌన్సెలింగు కేంద్రానికి వెళ్ళాడు. అక్కడి అమ్మాయి మర్యాదగా, "కోర్టు కాగితం ఉందాండీ?" అంది. లేదన్నాడు. "తాగి బండి నడిపినట్టు కోర్టులో రుజువైతేనే చేర్చుకుంటామండీ. మామూలు వాళ్ళని చేర్చుకుంటే మాకు ఫలితాలు రావు."

అలా ఏసోబు ప్లీడరు పూర్ణానందం గారి గుమ్మం ఎక్కాడు. తాగి బండి నడిపిన కేసుల్లో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గరికి వచ్చిన ముద్దాయికి శిక్ష పడింది లేదు.

"తాగావా?" అన్నాడు పూర్ణానందం గారు.

"లేదండి."

"భేష్. కోర్టులో కూడా ఇదే మొహం పెట్టు."

"నిజంగా తాగలేదండి."

"అబ్బ! ఎంత సహజంగా చెప్పావయ్యా! చాలామంది ఇక్కడ తడబడతారు."

"అయ్యా, నాకు శిక్ష పడాలండి. దానికోసం వచ్చాను."

పూర్ణానందం గారు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. విషయమంతా విన్నాడు. చాలాసేపు పేపరు వెయిటు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఇది నా పేరుకి సంబంధించిన వ్యవహారం ఏసోబూ. అయినా నీ కష్టం చూస్తే కాదనలేకపోతున్నాను. విను. నూట ఎనభై ఐదో సెక్షను. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటాలి. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేకపోతే పదివేల దాకా జరిమానా, లేకపోతే రెండూను. మన మేజిస్ట్రేటు గారు ఈ మధ్య అందరికీ జరిమానాతో పాటు కౌన్సెలింగు కూడా వేస్తోంది."

"ఆ కౌన్సెలింగు తప్పకుండా వేస్తారంటారా?" అన్నాడు ఏసోబు, ప్రాణం లేచొచ్చి.

"వేస్తుంది. అయితే ముందు నువ్వు తాగాలి కదా."

ఏసోబు తల వంచుకున్నాడు. అతని తండ్రి కూడా ట్రాక్టరు డ్రైవరే. ఏసోబుకి పదకొండేళ్ళప్పుడు ఆయన తాగి, ధాన్యం బస్తాల లోడుతో ట్రాక్టరుని కాలవలోకి తోలేశాడు. మడ్‌గార్డు మీద కూర్చున్న ఏసోబు గట్టు మీద పడ్డాడు. తండ్రి నీళ్ళలో పడ్డాడు. ఈ సంగతి ప్లీడరుకి చెప్పలేదు. "నా చేత కాదండి," అని మాత్రం అన్నాడు.

పూర్ణానందం గారు మళ్ళీ పేపరు వెయిటు తిప్పాడు. "ఒక మార్గముంది. పంతొమ్మిదేళ్ళలో నేను నలభైమంది చేత, 'తాగలేదు, ద్రాక్షారిష్టం పుక్కిలించాను' అని చెప్పించి గెలిచాను. ఆ నలభైమందిలో ఒక్కడూ పుక్కిలించినవాడు లేడు. ఆయుర్వేదం మందైనా అదీ పులియబెట్టిందే. నిజంగా పుక్కిలిస్తే ఏమవుతుందో చూడాలని నాకూ ఉంది. మింగొద్దు. పుక్కిలించి ఊసెయ్యి. పది నిమిషాలు నోట్లో ఘాటుంటుంది. ఆ పది నిమిషాల్లో వెళ్ళి గొట్టంలో ఊదు."

ఆ రాత్రి సువార్తమ్మ అంతా విని, "ఊసేసేదానికి దేవుడేమంటాడులే," అంది. "ఆయనకి మన కమిషనరు సంగతి తెలవదా ఏంది? కానీ బండి మాత్రం జాగర్త."

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి ఏసోబు ఆయుర్వేదం కొట్టు పక్కసందులో ద్రాక్షారిష్టం పుక్కిలించి, మోపెడ్ నెట్టుకుంటూ బయల్దేరాడు. నోట్లో ఘాటు ఉండగా బండెక్కటానికి మనసొప్పలేదు. పోలీసుల పగటి తనిఖీ వారోత్సవం జరుగుతున్న సెంటరు దాకా నెట్టుకొచ్చి, ఎవరూ అడ్డం లేకుండా చూసుకుని, ఎక్కి, పదడుగులు పోనిచ్చి, ఎస్సై త్రిమూర్తులు ముందు ఆపాడు.

"నువ్వా ఏసోబూ? పో పో," అన్నాడు ఎస్సై.

"నాకు పరీక్ష పెట్టండి సార్."

"నీకెందుకయ్యా? నువ్వు తాగవని ఊరందరికీ తెలుసు."

"ఇయ్యాల తాగాను సార్."

"ఎండలో జోకులెయ్యకు. వెనకాల జనం ఆగారు."

ఏసోబు గడియారం చూసుకున్నాడు. ఆరు నిమిషాలు అయిపోయాయి. "సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. పోనీ పరీక్ష లేకుండానే నా మీద ఒక కేసు రాయండి."

ఎస్సై మొహం మారిపోయింది. "ఏమన్నావ్? అడిగినవాళ్ళ మీద తప్పుడు కేసు రాయమంటావా? అది డిపార్టుమెంటు ప్రతిష్ఠకు భంగం. దానికో పద్ధతుంది."

ఎనిమిదో నిమిషాన ఏసోబు కానిస్టేబులు చేతిలోని యంత్రం తనే లాక్కుని, గుండెల్లో ఉన్న గాలంతా ఊదాడు. యంత్రం కూత పెట్టింది. ముప్పై నాలుగు.

ఎస్సై యంత్రాన్నీ ఏసోబునీ మార్చి మార్చి చూశాడు. "నువ్వు కూడానా!" అన్నాడు బాధగా. ఏసోబు చేతులెత్తి నమస్కారం పెట్టాడు.

కోర్టులో కేసు తొందరగానే వచ్చింది. మేజిస్ట్రేటు గారు నడివయసు మనిషి, కళ్ళజోడు మీద నుంచి చూస్తుంది.

"నేరం ఒప్పుకుంటున్నావా?"

"సంతోషంగా ఒప్పుకుంటున్నానమ్మా."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "సంతోషం దేనికి? ఏం తాగావు?"

ఏసోబుకి ఒక్క మందు పేరూ తెలియదు. కోర్టు హాలంతా సాయం కోసం చూశాడు. సువార్తమ్మ ఆఖరి బెంచీ మీద కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

"మందు తాగానమ్మా."

"ఏ మందు? ఎక్కడ? ఎంత?"

"ఒక కేజీ ఉంటదమ్మా."

హాల్లో నవ్వులు లేచాయి. ఆవిడ నవ్వలేదు. "ఇక్కడ కూర్చున్న ఏడేళ్ళలో తాగలేదని అబద్ధం చెప్పినవాళ్ళని వందలమందిని చూశాను. తాగానని అబద్ధం చెప్పేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. నిజం చెప్పు."

ఏసోబు అబద్ధం మీద నిలబడగలిగే మనిషి కాదు. "పుక్కిలించానమ్మా," అన్నాడు.

"ఏం పుక్కిలించావు?"

అప్పటిదాకా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చున్న పూర్ణానందం గారు ఇక ఆగలేకపోయాడు. స్ప్రింగులాగా లేచాడు. "ద్రాక్షారిష్టం యువరానర్! నోట్లో మిగిలిన ఘాటు పోవటానికి పావుగంట ఆగి పరీక్ష చెయ్యాల్సింది, చెయ్యలేదు. రెండోసారి ఊదించాల్సింది, ఊదించలేదు. డాక్టరు చేత రక్తపరీక్ష లేదు. యంత్రానికి సరిచూసిన సర్టిఫికెట్టు గడువు దాటి నాలుగు నెలలైంది. పైగా నా క్లయింటు యంత్రాన్ని తనంతట తనే లాక్కుని ఊదాడు. పోలీసులు పరీక్షే చెయ్యలేదు యువరానర్!"

పది నిమిషాల్లో ఏసోబు నిర్దోషిగా బయటపడ్డాడు. పోలీసులు యంత్రాలన్నిటినీ సరిచేయించి, రెండుసార్లు ఊదించి, డాక్టరుని వెంటబెట్టుకుని తనిఖీ చెయ్యాలని ఆవిడ తీర్పులో గట్టిగా రాసింది.

మెట్ల మీద పూర్ణానందం గారు జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "క్షమించు ఏసోబూ. పంతొమ్మిదేళ్ళుగా అవే మాటలు చెప్తున్నాను. మొదటిసారి అవన్నీ నిజమయ్యాయి. నోరు ఆగలేదు."

 సువార్తమ్మ మొగుడి వైపు తిరిగి, "కేజీ ఏందయ్యా, కేజీ!" అంది.

కమిషనరు దివాకరం గారు తీర్పు కాపీని ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివాడు.

"నిర్దోషి అంటే ఏమిటి? మారాల్సిన అవసరం లేనివాడని న్యాయస్థానమే తేల్చింది. మారాల్సిన అవసరం లేనివాడు మారినట్టు పత్రం ఎలా తెస్తాడు? నీ కేసు ఇప్పుడు మరింత క్లిష్టమైంది ఏసోబూ."

క్లిష్టమైంది ఏసోబు కేసు ఒక్కటే కాదు. ఆ వారంలోనే అంకబాబుని ఆదర్శ చోదకుడిగా పైవాళ్ళు గుర్తించి, జిల్లాలన్నీ తిరిగి ఉపన్యాసాలివ్వమని డెప్యుటేషను మీద తీసుకెళ్ళారు. పట్టణంలో చెత్త లేవలేదు. నీళ్ళు కదల్లేదు. మూడో వార్డు ఆడవాళ్ళు ఐదోరోజున ఖాళీ బిందెలతో ఆఫీసు ముందు కూర్చున్నారు. వాళ్ళలో సువార్తమ్మ కూడా ఉంది. షెడ్డులో ట్రాక్టరు, ట్యాంకరు నిండా నీళ్ళు, పక్కనే డ్రైవరు. మధ్యలో ఉత్తర్వు.

ఉత్తర్వు మార్చటానికి వీల్లేదు. అది అప్పటికే వినూత్న పరిపాలనా పురస్కారానికి వెళ్ళి ఉంది. దివాకరం గారు ముగ్గురు సభ్యులతో కమిటీ వేశాడు. కమిటీ రెండు పూటలు కూర్చుని, మానటానికి ముందు మొదలుపెట్టడం అనివార్యమని ఏకగ్రీవంగా తేల్చింది. దాని మీద కొత్త పథకం పుట్టింది. పేరు "మద్యపాన ప్రవేశ శిక్షణ, అనంతర విముక్తి కార్యక్రమం." సామాజిక భవనంలో రోజూ పది నుంచి పన్నెండు దాకా. పదిమంది డ్రైవర్లూ హాజరు కావాలి. మునిసిపల్ డాక్టరు కొలిచి పోస్తాడు. అలవాటు పడినట్టు ధ్రువపరచిన తర్వాత, అలవాటు మాన్పించి, మానినట్టు ధ్రువపరుస్తారు. సరుకు కొనుగోలుకి నిధులు ఏ పద్దు కింద తియ్యాలో రెండు రోజులు తేలలేదు. చివరికి తాగునీటి పద్దు కింద తీశారు.

తాగే అలవాటున్న ఐదుగురూ తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చునేవాళ్ళు. కమిషనరు గారి జీపు డ్రైవరు వాళ్ళలో ప్రథమశ్రేణి. తాగని ఐదుగురిలో నలుగురు మొదటిరోజు ముక్కు మూసుకున్నారు, మూడోరోజు ముక్కు వదిలేశారు, ఆరోరోజున పాటలు పాడారు. ఏసోబు మాత్రం గ్లాసు ముందర చేతులు కట్టుకుని రెండు గంటలు కూర్చుని, పన్నెండు కాగానే సంతకం పెట్టి వెళ్ళేవాడు. రిజిస్టర్లో డాక్టరు రోజూ ఒకటే రాసేవాడు: "హాజరు కలదు. పురోగతి లేదు."

తొమ్మిదోరోజు దివాకరం గారు తనిఖీకి వచ్చాడు. రిజిస్టరు చూసి, ఏసోబు ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గడువు ఇంకా మూడు రోజులే ఉంది ఏసోబూ. నీ ఒక్కడి వల్ల మూడో వార్డుకి నీళ్ళు లేవు. ఒక్క గ్లాసు. ప్రజల కోసం."

"నా వల్ల కాదు సార్. దాన్ని చూస్తుంటే నాకు మా నాయన కనపడతాడు." అప్పుడు చెప్పాడు ఏసోబు, కాలవ సంగతి. చెప్పి, "ఉజ్జోగం తీసెయ్యండి సార్. కూలికి పోతాను," అన్నాడు.

దివాకరం గారు కదిలిపోయాడు. ఆయన నిజంగానే మంచివాడు. అదే పట్టణానికి వచ్చిన కష్టం. "నువ్వు భయపడుతున్నావు. కింది ఉద్యోగి భయపడినప్పుడు పై అధికారి ముందుండి నడిపించాలి," అంటూ ఏసోబు గ్లాసు తనే ఎత్తి గటగటా తాగేశాడు. ఒక నిమిషం దగ్గాడు. తర్వాత, "చూశావా? ఏమీ కాలేదు," అన్నాడు. ఏమీ కాలేదని నిరూపించటానికి రెండోది తాగాడు. మూడోది ఎందుకు తాగాడో ఆయనకీ గుర్తు లేదు.

పన్నెండుంపావుకి ఫోను మోగింది. పన్నెండున్నరకి ఆఫీసులో జిల్లా అధికారులతో వీడియో సమావేశం. జీపు డ్రైవరు బల్ల కింద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. దివాకరం గారు, అతను ఉత్తర్వు నాడు అప్పజెప్పిన తాళంచెవి తన జేబులోంచి తీసి, అప్పట్నించి భవనం ముందే ఆగి ఉన్న జీపు తనే ఎక్కాడు.

ఏసోబు పరుగెత్తుకొచ్చి జీపు ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. 

"దిగండి సార్. రోడ్డు మీద పిల్లలుంటారు."

"సదరు ఏసోబు తక్షణమే అడ్డు తొలగవలెను," అన్నాడు కమిషనరు, నాలుక తిరక్క. "నీకు పత్రము కలదా?"

"నాకు పత్రం లేదు సార్. మీకు మత్తుంది. తాళం ఇయ్యండి, నేను దింపుతాను."

"పత్రము లేనివాడు ప్రభుత్వ వాహనమును తాకరాదు!" అని, దివాకరం గారు జీపుని వెనక్కి తీసి, పూలకుండీల మీదుగా పక్కగేటులోంచి రోడ్డెక్కించాడు.

ఏసోబు మిరపకాయల కొట్ల సందులో పడి పరుగెత్తాడు. రోడ్డు మీదుగా సెంటరు చేరాలంటే పెద్ద చుట్టు, సందులోంచి అయితే దగ్గర. చెప్పులు ఊడిపోయినా ఆగలేదు. సెంటర్లో తనిఖీ చేస్తున్న ఎస్సై త్రిమూర్తులు దగ్గరికి వెళ్ళి, గస తీరక, వేలితో చూపించాడు. "సార్... ఆ జీపు... జనాన్ని పక్కకి తియ్యండి."

పోలీసులు జనాన్ని తోసేశారు. బారికేడ్లు అడ్డం లాగారు. జీపు వంకర్లు తిరుగుతూ వచ్చి, డివైడరు ఎక్కి, మునిసిపాలిటీ వాళ్ళే నాటిన మందారచెట్ల మధ్య ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఏసోబు రోడ్డు మీదే కూర్చుండిపోయి ఏడ్చాడు.

యంత్రం కొత్తది. సర్టిఫికెట్టు వారం కిందటిది. ఎస్సై పావుగంట ఆగి రెండుసార్లు ఊదించాడు. తొంభై ఆరు, తొంభై ఏడు. డాక్టరు రక్తం తీశాడు. ఏసోబు కేసులో తీర్పు పుణ్యమా అని అన్నీ తు.చ. తప్పకుండా జరిగాయి. కోర్టులో కమిషనరు తరఫున వచ్చిన పూర్ణానందం గారికి పట్టుకోవటానికి ఒక్క కొస కూడా దొరకలేదు. లేచి, "యువరానర్," అని, కాసేపు నిలబడి, కూర్చున్నాడు. ఆయన వృత్తిలో అది మొదటి ఓటమి.

మేజిస్ట్రేటు గారు పదివేలు జరిమానా వేసి, మొదటి తప్పు గనక లైసెన్సు జోలికి పోకుండా, మూడు వారాల కౌన్సెలింగుకి పంపింది. దివాకరం గారు ఒక్కరోజూ మానకుండా వెళ్ళి, నోట్సు రాసుకున్నాడు. ఆఖరి రోజున శాలువా కప్పి పత్రం ఇచ్చారు. పైనుంచి సంజాయిషీ అడగబోయినవాళ్ళు, పత్రం చూసి అభినందన లేఖ పంపారు. శిక్షణ కార్యక్రమాన్ని మాత్రం, బడ్జెట్టు అయిపోయిందని ఆపేశారు. ఏసోబు గడువు దాటిపోయిందిగాని, సెలవులో ఉన్న కమిషనరు సంతకం పెట్టందే అతని సేవలు అవసరం లేదని ఎవరూ భావించలేకపోయారు.

తిరిగి డ్యూటీలో చేరిన రోజు పొద్దున్నే రాజ్యలక్ష్మి ఫైలు తెచ్చి ముందు పెట్టింది. "ఉత్తర్వు ప్రకారం ప్రస్తుతం ఈ పట్టణంలో మునిసిపల్ వాహనం నడపటానికి అర్హత ఉన్న ఉద్యోగి ఒక్కరే సార్."

"ఎవరు?"

రాజ్యలక్ష్మి మర్యాదకి గోడ వైపు చూసింది.

దివాకరం గారు రూలుకి కట్టుబడ్డ మనిషి. పావుగంట తర్వాత ఆయన టై విప్పి జేబులో పెట్టుకుని, ట్రాక్టరు ఎక్కాడు. సలహాదారు హోదాలో ఏసోబు మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. ఆ జాగాలో కూర్చోవటం నలభై ఏళ్ళ తర్వాత అదే మొదలు. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"క్లచ్ మెల్లగా వదలండి సార్. మెల్లగా... అదీ. వెనకాల అయిదువేల లీటర్లున్నాయి, మన తొందర దానికి తెలవదు."

మూడో వార్డు దాకా మూడు కిలోమీటర్లు గంటన్నరలో వెళ్ళారు. సందు మొగదలకి వచ్చాక అసలు కష్టం మొదలైంది. సందు ఇరుకు. ట్యాంకరుని వెనక్కి పోనిచ్చి తీసుకెళ్ళాలి. ట్రైలరు కుడికి తిరగాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. దివాకరం గారి బుర్రకి ఆ తర్కం ఎక్కలేదు. నాలుగుసార్లు ప్రయత్నించాడు. ఒకసారి ఎలక్ట్రిక్ స్తంభం, ఒకసారి ముసలమ్మ బజ్జీల బండి వెంట్రుకవాసిలో తప్పాయి. చొక్కా తడిసిపోయింది. లోపల యాభైమంది ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని చూస్తున్నారు.

ఐదోసారి ఆయన స్టీరింగు తిప్పలేదు, ఇంజను ఆపనూ లేదు. మెల్లగా కిందికి దిగాడు. చుట్టూ చూశాడు.

"ఏసోబూ," అన్నాడు గొంతు తగ్గించి. "పత్రం లేనివాడు బండి నడుపుతుంటే చూసిన అధికారి చర్య తీసుకోవాలి."

"అవును సార్."

"చూడని అధికారి తీసుకోనక్కర్లేదు."

ఆ మాట అని దివాకరం గారు గబగబా పక్కనున్న గోడ దగ్గరికి వెళ్ళి, దానికి మొహం ఆనించినంత పని చేసి, అటు తిరిగి నిలబడ్డాడు.

ఏసోబు సీటు మీదకి జరిగాడు. అద్దంలో ఒకసారి చూసుకుని, స్టీరింగు ఒక్క చుట్టు తిప్పాడు. ట్యాంకరు జారుకుంటూ సందులోకి వెళ్ళి, సువార్తమ్మ బిందె ముందు ఆగింది. కుళాయి తిప్పగానే నీళ్ళు దూకాయి. ఆడవాళ్ళు ఒక్కసారిగా మీద పడ్డారు.

ఇంత గోలలో బజ్జీల ముసలమ్మ కళ్ళు మాత్రం గోడ దగ్గర వెనక్కి తిరిగి నిలబడ్డ మనిషి మీద పడ్డాయి. గరిటె ఎత్తి పట్టుకుని, సందు సందంతా వినపడేలా కేకేసింది.

"ఓరయ్యో! చదువుకున్నోడివిలాగున్నావు, ఇంతమంది ఆడోళ్ళుండగా ఆ గోడకాడ ఏం పనిరా నీకు?"

దివాకరం గారు ఉలిక్కిపడ్డాడుగాని, వెనక్కి తిరగలేదు. తిరిగితే చూడాల్సి వస్తుంది.